1975 తప్పినందుకు జవాబు చెప్పాల్సింది ఎవరు? చెప్పిన సంస్థా, నమ్మినవాళ్ళా?

కృష్ణాతీరం:

అందరికీ వందనాలు. నాతో పనిచేసే ఒకాయన యెహోవాసాక్షి. నిజాయితీపరుడు, ఎవరినీ నొప్పించని మనిషి. మాటల్లో 1975 సంగతి వస్తే, "సంస్థ ఏనాడూ తేదీ చెప్పలేదండీ, కొందరు ఆత్రపడి ఊహించుకున్నారు" అన్నారు. నేను చదివినదాన్నిబట్టి అది సగం నిజం.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. 1966 వేసవి సమావేశాల్లో యెహోవాసాక్షుల వాచ్‌టవర్ సంస్థ ఒక పుస్తకం విడుదల చేసింది. అందులో ఒక కాలపట్టిక ఉంది. ఆదాము సృష్టి క్రీ.పూ. 4026లో జరిగిందని, అక్కణ్ణుంచి లెక్కేస్తే మనుషులు పుట్టి 6000 ఏళ్ళు 1975 శరత్కాలానికి నిండుతాయని దాని సారాంశం. ఏడో వెయ్యేళ్ళు క్రీస్తు వెయ్యేళ్ళ పరిపాలనతో కలిసి రావడం ఎంతో తగినదని కూడా రాశారు. 1975 వచ్చింది, వెళ్ళింది. ఈ దుష్టలోకాన్ని అంతం చేసే దేవుని యుద్ధం, హార్‌మెగిద్దోను, రాలేదు.

ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళున్నారు, చదువు మానేసినవాళ్ళున్నారు, పిల్లల్ని కనడం వాయిదా వేసుకున్నవాళ్ళున్నారు. ఈ నష్టానికి బాధ్యత ఎవరిది? దయచేసి ఎవరి విశ్వాసాన్నీ కించపరచకుండా రాయండి.

వేకువవెలుగు:

నేను సాక్షినే. దాచుకునేదేమీ లేదు కాబట్టి సూటిగా రాస్తున్నాను.

1966లో బాల్టిమోర్ సమావేశంలో సంస్థ నాయకుల్లో ఒకరైన ఫ్రెడ్ ఫ్రాంజ్ సహోదరుడు ఈ విషయం మాట్లాడారు. 1975కల్లా హార్‌మెగిద్దోను అయిపోతుందా అంటే, అయిపోవచ్చు, కానీ మేం అలా చెప్పడం లేదు అన్నారు. ఇప్పటికీ 1975కీ మధ్య ఫలానాది జరుగుతుందని మీలో ఎవరూ కచ్చితంగా చెప్పకండి అని కూడా హెచ్చరించారు. అదే ఏడాది అక్టోబరులో మా కావలికోట పత్రికలో ఇది అచ్చయింది కూడా. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా ఇల్లు అమ్ముకుంటే దాన్ని ఎవరి ఖాతాలో వేయాలి?

మేం ప్రవక్తలమని చెప్పుకోం. లేఖనాలు చదివి, అర్థమైనంత చెప్తాం, తప్పైతే సరిచేసుకుంటాం. "పట్టపగలగువరకు వేకువ వెలుగు తేజరిల్లునట్లు" అని బైబిల్లో సామెతలు 4:18 చెప్తోంది. అర్థం చేసుకోవడంలో ఎదుగుదల ఉంటుంది. ఎదురుచూడటం పాపమైతే అపొస్తలులు కూడా పాపులే అవుతారు.

పాతపత్రికలు:

వేకువవెలుగు గారూ, బాల్టిమోర్ మాటలు మీరు సరిగ్గానే చెప్పారు. కాకపోతే కథ అక్కడితో ఆగలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో ఏం అచ్చేశారో కూడా చూడాలి.

1968 ఆగస్టు 15 ఇంగ్లీషు కావలికోటలో ఒక వ్యాసం వచ్చింది. "మీరు 1975 కోసం ఎందుకు ఎదురుచూస్తున్నారు?" అనేది దాని శీర్షిక. అందులోనూ "వేచి చూద్దాం" అనే మాట ఉంది, కాదనను. దాంతోపాటు ఆదాము సృష్టికీ ఆరో సృష్టి దినం ముగింపుకీ మధ్య తేడా వారాలో నెలలో ఉండొచ్చు గానీ ఏళ్ళు ఉండదని, అంటే 1975 దాటాక ఎక్కువ ఆలస్యం ఉండదన్నట్టు రాశారు. సంస్థదే ఇంకో పత్రిక తేజరిల్లు! 1969 మే 22 సంచికలో ఇంకా ముందుకెళ్ళింది. నువ్వు యౌవనస్థుడివైతే ఈ లోకవిధానంలో నువ్వు ముసలివాడివి కావు అనే సంగతిని ఒప్పుకోవాలి అని పిల్లలకు చెప్పింది. ఏళ్ళ తరబడి చదివే కోర్సుల్ని నమ్ముకోవద్దన్నట్టే సాగింది ఆ వ్యాసం. ఆ మాట నమ్మి కాలేజీ మానేసిన కుర్రాడికి ఇప్పుడు డెబ్భై ఏళ్ళు దాటి ఉంటాయి. అతనికి "నువ్వు ఆత్రపడ్డావు" అని చెప్పే ధైర్యం నాకు లేదు.

అన్నింటికన్నా నన్ను బాధపెట్టేది 1974 మే నెల రాజ్య పరిచర్య. అది బయటివాళ్ళకు ఇచ్చే పత్రిక కాదు, సంఘాల లోపల వాడుకునేది. సహోదరులు ఇళ్ళు, ఆస్తులు అమ్మి, ఈ పాత విధానంలో మిగిలిన రోజులు పయినీరు సేవలో, అంటే ఎక్కువ సమయం ప్రకటన పనిలో, గడపాలనుకుంటున్నారని వార్తలు వస్తున్నాయని రాసి, దుష్టలోకం అంతమయ్యేలోగా మిగిలిన కొద్ది సమయాన్ని గడపడానికి ఇది చక్కటి మార్గమని మెచ్చుకుంది. చీటీల ఏజెంటు "గ్యారంటీ లేదండీ" అని ఒకసారి చెప్పి, పొలం అమ్మి కట్టినవాణ్ణి నలుగురి ముందు శెభాష్ అంటే, ఆ మొదటి మాటకు విలువేముంది?

ఇప్పుడు అసలు విషయం. తేదీ తప్పడం నాకు పెద్ద నేరంగా కనిపించదు. లెక్కలు తప్పుతాయి. తప్పిన తర్వాత 1976 జూలై 15 కావలికోట ఏం రాసిందో చూడండి. ఎవరైనా నిరాశపడి ఉంటే తమ దృక్పథం సరిచేసుకోవాలని, విఫలమైంది దేవుని వాక్యం కాదని, వాళ్ళ సొంత అవగాహనకే తప్పుడు ఆధారాలున్నాయని రాసింది. ఆ ఆధారాలు అందించిందెవరు? మూల్యం చెల్లించినవాళ్ళ మీదే తప్పు కూడా మోపడం, నా అభ్యంతరమంతా దాని మీదే.

నూజివీడు_నుంచి:

మాది సెవెంత్ డే అడ్వెంటిస్టు కుటుంబం. మా ఊళ్ళో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి చాలామందికి తెలిసే ఉంటుంది, అది మా సంఘానిదే. మా సంఘం మూలాలు కూడా ఒక తప్పిన తేదీలోనే ఉన్నాయి. అది చెప్పుకోవడానికి మేం సిగ్గుపడం.

విలియం మిల్లర్ న్యూయార్క్ రాష్ట్రంలో లో హాంప్టన్ అనే చోట రైతు, బాప్టిస్టు. దానియేలు 8:14లోని 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కించి, 1843 ప్రాంతంలో క్రీస్తు వస్తాడన్నాడు. 1844 మార్చి దాటింది. అప్పుడు శామ్యూల్ స్నో అనే ఆయన అదే ఏడాది అక్టోబరు 22 అని తేల్చాడు. కొందరు బంగాళాదుంపల పంట తవ్వకుండా పొలంలోనే వదిలేశారు. తెల్లవారింది, ఏమీ జరగలేదు. దాన్నే మహా నిరాశ అంటారు.

మిల్లర్ మాత్రం 1844 మొదటి గడువు దాటగానే తన తప్పు ఒప్పుకుంటున్నానని, నిరాశ చెందానని తన పేరుతోనే రాశాడు. అక్టోబరు తర్వాత ఉద్యమానికి ప్రచారకర్తగా ఉన్న జాషువా హైమ్స్, ఆస్తి పోగొట్టుకున్న విశ్వాసులకు సాయం అందేలా ఏర్పాట్లు చేశాడు. 1849లో చనిపోయేవరకు మిల్లర్ క్రీస్తు రాకడ దగ్గరలోనే ఉందని నమ్మాడు. కానీ నమ్మినవాళ్ళను నిందించలేదు. పాతపత్రికలు గారు అడుగుతున్నది ఇదేననుకుంటాను.

సీలేరు:

నూజివీడు గారూ, మిల్లర్ గురించి ఒప్పుకుంటాను. కానీ కథలో రెండో సగం వదిలేశారు. అక్టోబరు 23న హైరమ్ ఎడ్సన్‌కు పొలం గుండా నడుస్తుంటే ఒక వెలుగు తట్టింది. తేదీ సరైనదే, జరిగింది మాత్రం భూమ్మీద కాదు, పరలోక గుడారంలో క్రీస్తు పరిచర్య కొత్త దశకు చేరింది అని. 1863లో ఏర్పడిన మీ సంఘం ఆ వివరణ మీదే నిలబడింది. అంటే తప్పు ఒప్పుకున్న మిల్లర్ ఒంటరిగా మిగిలాడు, తేదీని కాపాడుకున్నవాళ్ళు సంఘం కట్టారు.

సాక్షుల 1914 కూడా ఇదే దారి. ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన చార్లెస్ టేజ్ రస్సెల్ 1889 పుస్తకంలో భూరాజుల పాలన 1914తో పూర్తిగా కూలిపోతుందని రాశాడు. తర్వాతి ముద్రణలో ఆ అంకె 1915 అయింది. ఇప్పుడేమో 1914లో క్రీస్తు పరలోకంలో కనబడకుండా రాజయ్యాడు అంటారు. యెరూషలేము పతనం నుంచి 2520 ఏళ్ళు లెక్కేసి 1914కి వచ్చారు, మొదట్లో ఆ లెక్క క్రీ.పూ. 606 నుంచి ఉండేది. క్రీ.పూ.కీ క్రీ.శ.కీ మధ్య సున్నా సంవత్సరం లేదని 1940లలో సరిచేసుకున్నప్పుడు ముగింపు 1915కి జరగాలి. అది జరగలేదు. మొదలునే 607కి జరిపారు. యెరూషలేము పతనం క్రీ.పూ. 587 లేదా 586లో అని చరిత్రకారులంటారు. పరలోకంలో జరిగిందని చెప్పినదాన్ని ఎవరు వెళ్ళి చూసొస్తారు? అందుకే అలాంటి వివరణకు ఎప్పటికీ చావు లేదు.

వేకువవెలుగు:

చాలా విషయాలు ఒకేసారి వచ్చాయి. రెండింటికే జవాబిస్తాను.

ఒకటి. పాతపత్రికలు గారు 1976 దగ్గర ఆగిపోయారు. 1980 మార్చి 15 కావలికోట కూడా చదవాలి. 1975 గురించిన ఆశ కేవలం అవకాశంలా కాక దాదాపు జరగబోయేదిగా వినిపించేలా కొన్ని మాటలు అచ్చయ్యాయని, అవి జాగ్రత్త మాటల్ని కమ్మేశాయని ఒప్పుకుని, అందుకు చింతిస్తున్నట్టు రాశారు. తమ ప్రచురణల్లో పొరపాటును అందరికీ వెళ్ళే పత్రికలోనే ఒప్పుకున్న సంస్థలు ఎన్ని ఉన్నాయి?

రెండు. మీరు చెప్పేది వింటే లక్షలమంది మోసపోయి ఏడుస్తూ కూర్చున్నట్టుంది. 1974లో ఒక్క ఏడాదిలో దాదాపు 3 లక్షలమంది బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత కొన్నేళ్ళు ప్రచారకుల, అంటే ప్రకటన పనిలో పాల్గొనే సాక్షుల, సంఖ్య తగ్గింది, నిజమే. కానీ ఎక్కువమంది ఉన్నారు, ఈ రోజుకీ ఉన్నారు. వాళ్ళకు బుర్రలేదా? పయినీరు సేవలో గడిపిన ఆ ఏళ్ళను తమ జీవితంలో మంచి ఏళ్ళుగా చెప్పేవాళ్ళు నాకు తెలుసు. తేదీ కోసం దేవుణ్ణి సేవించలేదు వాళ్ళు.

బెరయ:

వేకువవెలుగు గారి రెండో మాటకు నా గౌరవం. ఉండిపోయినవాళ్ళను వెర్రివాళ్ళు అనడం తప్పు. పెళ్ళి, పిల్లలు, స్నేహితులు అంతా ఆ సంఘంలోనే ఉన్నప్పుడు ఒక అంకె తప్పిందని ఎవరూ బయటికి నడవరు. బయటికొస్తే అమ్మానాన్నలు కూడా మాట్లాడరనే భయం ఉన్నచోట "ఎక్కువమంది ఉన్నారు" అనేది సంతృప్తికి రుజువు కాదు కూడా.

నేను లూథరన్ని. మాకు తేదీల చరిత్ర అంతగా లేకపోయినా, అంత్యదినాల మీద ఆత్రం ఏ సంఘానికీ కొత్త కాదు. మత్తయి 24:36 "ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు" ఎవరికీ తెలియదంటోంది. దాన్ని అందరం ఒప్పుకుంటూనే, సంవత్సరం మాత్రం తెలుసుకోవచ్చనుకుంటే ఆ వాక్యాన్ని మన్నించినట్టా?

నాకు తట్టింది అపొస్తలుడైన పౌలు ఉత్తరాలు రాసిన థెస్సలొనీక సంఘం. ప్రభువు దినం, అంటే క్రీస్తు తిరిగొచ్చే రోజు, వచ్చేసిందనే మాటతో అక్కడ కలవరం రేగింది. పని మానేసి తిరుగుతున్నవాళ్ళూ ఉన్నారు. పౌలు వాళ్ళకు రాసిందేమిటి? పనిచేయ నొల్లనివాడు భోజనం చేయకూడదు, నెమ్మదిగా పనిచేసుకుంటూ సొంత ఆహారం తినండి అని. రాకడ దగ్గరుందని నమ్మిన మనిషే పౌలు. అయినా ఇల్లు అమ్మమని ఎవరికీ చెప్పలేదు, అమ్మినవాళ్ళను పొగుడుతూ ఉత్తరం రాయలేదు. 1974 రాజ్య పరిచర్యను పౌలు రాసిన ఈ ఉత్తరం పక్కన పెట్టి చదవండి.

వేకువవెలుగు:

బెరయ గారూ, పయినీరు సేవ సోమరితనం కాదు. నెలకు ఎన్నో గంటలు ఎండలో ఇంటింటికీ తిరగడమది. అపొస్తలుల కార్యాల్లో పొలాలు అమ్మి తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినవాళ్ళున్నారు, వాళ్ళనెవరూ తప్పుపట్టలేదు.

బెరయ:

సోమరితనం అన్నట్టు వినిపిస్తే క్షమించండి, నా ఉద్దేశం అది కాదు. అపొస్తలుల కార్యాల్లో పొలాలు అమ్మింది సంఘంలో బీదలెవరూ ఉండకూడదని. లోకం ఇంకెన్ని నెలలుంటుందో లెక్కేసుకుని కాదు.

పాతపత్రికలు:

1980 సంచిక నేను కావాలని వదల్లేదు, ఇప్పుడు దాని గురించే రాస్తాను. అది మంచి పని. కానీ ఐదేళ్ళు పట్టింది. ఆ మాటలైనా నిలిచాయా? 2017 ప్రాంతీయ సమావేశాల్లో 1975 రోజుల గురించి ఒక వీడియో చూపించారు. అందులో కొందరు ఒక తేదీ కోసం ఎదురుచూశారని, కొందరు ఇళ్ళు అమ్మి ఉద్యోగాలు మానేసేదాకా వెళ్ళారని ఉంది. ఆ కొందరికి ఆ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో లేదు. 1980లో ఒప్పుకున్నది 2017 నాటికి జారిపోయింది. కృష్ణాతీరం గారి సహోద్యోగి అబద్ధమాడలేదు, ఆయనకు నేర్పిన చరిత్రే ఆయన చెప్పారు.

1925తోనూ ఇదే జరిగింది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పునరుత్థానమై తిరిగొస్తారని నమ్మకంతో ఎదురుచూడొచ్చని, రస్సెల్ తర్వాత సంస్థను నడిపిన రూథర్‌ఫర్డ్ 1920 పుస్తకంలో రాశారు. యూబిలీ అంటే బైబిల్లో 50 ఏళ్ళ చక్రం, అవి 70, మొత్తం 3500 ఏళ్ళు అనే లెక్కతో. క్రీస్తు మరణాన్ని గుర్తుచేసుకునే జ్ఞాపకార్థ ఆచరణకు 1925లో 90 వేలకు పైగా వచ్చారు, 1928లో 17 వేల చిల్లర. తగ్గడానికి తేదీ ఒక్కటే కారణమని నేననను, ఇంటింటి ప్రకటన విషయంలో రూథర్‌ఫర్డ్ పెట్టిన ఒత్తిడి కూడా చాలామందిని దూరం చేసింది. కానీ 1925 నుంచి నేర్చుకున్న సంస్థ 1966లో ఆ పట్టిక అచ్చేసేది కాదు. దాన్ని మరుగున పెట్టారు కాబట్టే కొత్త తరం అదే గుంటలో పడింది.

నేను అడిగేది చాలా చిన్నది. 1975 గురించి పిల్లలకు చెప్పేటప్పుడు బాల్టిమోర్ ప్రసంగంతోపాటు 1968 వ్యాసం, 1974 రాజ్య పరిచర్య, 1976 సంచిక, 1980 సంచిక అన్నీ బల్ల మీద పెట్టండి. ఏదీ దాచకండి, ఏదీ వ్యాఖ్యానించనక్కర్లేదు.

నూజివీడు_నుంచి:

మా పిల్లలకు అక్టోబరు 22 కథ సబ్బాతు బడిలోనే చెప్తాం. సీలేరు గారన్నట్టు ఎడ్సన్ వివరణను కూడా మేం నమ్ముతాం, దాని మీద మీరు వేసిన ప్రశ్న న్యాయమైనదే. దాన్ని వేరే చర్చగా మొదలుపెడితే నేను వస్తాను.

వేకువవెలుగు:

పాతపత్రికలు గారూ, ఆ ఐదింటిలో మూడే నేను పూర్తిగా చదివాను. 1969 తేజరిల్లు! వ్యాసం కూడా చూడలేదు. చదివి వస్తాను. ఒక మాట మాత్రం ఇప్పుడే చెప్తున్నాను. చదివాక కూడా నేను సాక్షిగానే ఉంటాను, దానికి నా కారణాలు 1975లో లేవు.