పాత నివాస టవర్లలో వేడి వృథాను అరికట్టడం: ముందు కిటికీలా, గోడలా?

ప్రశ్న:
మాది 1970లలో కట్టిన పద్నాలుగు అంతస్తుల కాంక్రీటు భవనం. చలికాలంలో ఇళ్లలో వేడి నిలవదు, ఉత్తరపు గదుల్లో పైకప్పు మూలలు బూజు పట్టి నల్లబడుతున్నాయి. నిధులు తక్కువ కాబట్టి ఈ ఏడాది కిటికీలు మార్చి, గోడలకు వేడిని ఆపే పొర తొడిగే సంగతి తరువాత చూద్దామని నివాసుల సంఘంలో ఎక్కువమంది అంటున్నారు. ఈ వరుస సరైనదేనా?

మొదటి సమాధానం:
కిటికీలు మాత్రమే మారిస్తే బూజు తగ్గకపోగా పెరిగే ప్రమాదం ఉందండి. ఇన్నాళ్లూ వంట, స్నానాల తేమ పాత కిటికీల సందుల గుండానే బయటికి పోతోంది. రెండు మూడు అద్దాల కొత్త కిటికీలు ఆ సందులను మూసేస్తే, ఆ తేమ ఇంట్లోనే చిక్కుకుని, గదిలో అన్నిటికంటే చల్లగా ఉన్న చోట నీరై చేరుతుంది. మీరు చెప్పిన మూలలు అలాంటివే. బాల్కనీ శ్లాబును గది శ్లాబుకు కొనసాగింపుగా పోసి ఉంటే, లోపలి వేడి ఆ కాంక్రీటు వెంటే బయటికి పోతూ ఉంటుంది; అందుకే గోడ మధ్యభాగం పొడిగా ఉన్నా పైమూల తడుస్తుంది. కిటికీలతో పాటే గాలి మార్పిడి ఏర్పాటు కూడా జరగాలి. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే యంత్రమైతే మరీ మంచిది. నిధులు చాలకపోతే, భవనమంతా కిటికీలు మార్చే బదులు ఉత్తరపు వైపు ఒక్కటే తీసుకుని గోడ, కిటికీ, గాలి మార్పిడి మూడూ కలిపి పూర్తి చేయమని నా సలహా.

రెండో సమాధానం:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. అయితే గోడ బయట తొడిగే పొర మండని పదార్థమే అయి ఉండాలని పట్టుబట్టండి. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌కు 2016లో ముగిసిన ఆధునికీకరణలో, మధ్యలో పాలిథిలీన్ అనే మండే ప్లాస్టిక్ నింపిన అల్యూమినియం పలకలు తొడిగారు. 2017 జూన్ 14న నాలుగో అంతస్తు వంటగదిలో మొదలైన మంట ఆ తొడుగు పట్టుకుని పైకి పాకింది. 72 మంది చనిపోయారు. గుత్తేదారు నమూనా పలక చూపించినప్పుడు పైమెరుగు కాదు, కోసిన అంచు చూడండి. మధ్య పొర ఏమిటో రాతపూర్వకంగా తీసుకోండి. ఇన్సులేషన్‌కు, అంటే వేడిని ఆపే పొరకు, మినరల్ వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పదార్థం) వాడవచ్చు; అది మండదు.

మూడో సమాధానం:
బాల్కనీల విషయంలో పారిస్‌లోని బ్వా ల ప్రెత్ర్ టవర్‌ను పరిశీలించండి. 2011లో పూర్తయిన ఆ పనిలో పాత ముఖభాగాన్ని తీసేసి, ప్రతి ఇంటికీ అద్దాల వరండా జోడించారు. నివాసులు ఖాళీ చేయనక్కరలేకుండానే పని సాగింది. అలాంటి వరండా గదికీ బయటి చలికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. ఇక హీటింగ్ యంత్రం సామర్థ్యాన్ని ఈ పనులన్నీ లెక్కలోకి తీసుకున్నాకే నిర్ణయించండి. ముందే కొంటే అవసరానికి మించినది కొన్నట్టవుతుంది.