కోర్టు తేదీ దగ్గరపడుతోంది, అన్నయ్యకు ఎలా నచ్చజెప్పాలి?

నమస్కారమండీ. మేము కెనడాలో, కాల్గరీలో ఉంటాం. మా అన్నయ్య కొన్ని నెలలుగా 'సావరిన్ సిటిజన్' (ప్రభుత్వ చట్టాలు తమకు వర్తించవని వాదించేవాళ్లు) వీడియోల్లో కూరుకుపోయాడు. సర్టిఫికెట్లలో పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు తనది కాదట, ప్రభుత్వం సృష్టించిన ఒక కంపెనీదట, బర్త్ సర్టిఫికెట్‌తో ముడిపడి ఖజానాలో దాని పేరున రహస్య ఖాతా ఉందట. తనేమో దేవుడు ఆదాముకిచ్చిన భూమికి వారసుడట, కామన్ లా (పాత కోర్టు తీర్పుల నుంచి వచ్చిన చట్టం) తప్ప ఏ చట్టమూ వర్తించదట. అన్నయ్య పుట్టింది గుంటూరులో! ఆ బర్త్ సర్టిఫికెట్‌కీ ఇక్కడి ఖజానాకీ సంబంధం ఏమిటని అడిగితే జవాబు లేదు.

మొన్న ఆస్తి పన్ను నోటీసు మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఏదో రాసి, కింద బొటనవేలి ముద్ర వేసి తిప్పి పంపాడు. టేబుల్ గుడ్డ మీద ఆ ఎర్రటి మరక ఇంకా పోలేదు. అది చూసినప్పుడల్లా వదిన కళ్లు తుడుచుకుంటుంది. కారు నంబర్ ప్లేటు కూడా పీకేశాడు. ఆ కేసు వచ్చే నెల కోర్టుకొస్తోంది.

2012లో మీడ్స్ వర్సెస్ మీడ్స్ కేసులో కాల్గరీ ఉన్న ఈ ఆల్బెర్టా రాష్ట్రంలోనే జడ్జి జాన్ రూక్ ఇలాంటి వాదనలు చెల్లవని చాలా వివరంగా తీర్పిచ్చారు. ప్రింట్ తీసి ఇచ్చాను. "జడ్జి కూడా వాళ్ల మనిషే" అన్నాడు. ఎంత వాదిస్తే అంత బిగుసుకుపోతున్నాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఇందులోంచి బయటపడ్డారా? ఏ మాట పనిచేసింది? ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది. అన్నయ్యకు చెప్పకుండా వదిన పన్ను కట్టేసి, లాయర్‌ని కలవడం మంచిదేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, దయచేసి చెప్పండి.