నిర్ధారణ కాని ఆటిజం: జీవిత భాగస్వామితో ఆ మాట అనవచ్చా?

గోదారి గట్టు (ప్రశ్న వేసినవారు)

నాకు పెళ్లయి పదకొండేళ్లయింది. నా భర్త జూనియర్ కళాశాలలో గణితం చెబుతారు. పెళ్లిచూపుల నాడు ఆయన నాతో మొత్తం మూడు వాక్యాలు మాట్లాడారు. ‘నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు’ అని మధ్యవర్తి చెప్పిన మాట మా నాన్నగారికి బాగా నచ్చింది. ఆ మాట అబద్ధమూ కాదు. ఆ ‘ఎవరి’లో నేను కూడా ఉంటానని అప్పుడు మాకు తోచలేదు, అంతే.

ఆయన తాగరు, చెయ్యి చేసుకోరు, జీతం మొత్తం ఇంటికి తెస్తారు. అందువల్ల నా బాధ ఎవరితో చెప్పుకున్నా ‘అదృష్టవంతురాలివి’ అన్న సమాధానమే వస్తుంది. కుక్కర్ కూత వినపడితే ఆయన చెవులు మూసుకుని మేడ మీదికి వెళ్లిపోతారు. కంచంలో పప్పు కూరకు తగలకూడదు. చుట్టాలు ముందుగా చెప్పకుండా వస్తే ఆ పూటంతా గదిలోంచి బయటికి రారు. రైళ్ల వేళల గురించి ఎవరైనా కదిపితే మాత్రం గంటసేపు ఆపకుండా చెప్పగలరు. కాలేజీ స్టాఫ్ రూములో నవ్వుతూనే మాట్లాడతారట. రెండేళ్ల క్రితం మా నాన్నగారు కాలం చేసినప్పుడు అంబులెన్సు మాట్లాడటం మొదలుకొని మరణ ధ్రువపత్రం, పన్నెండో రోజు వంటవాళ్ల వరకు అన్నీ ఆయనే చూశారు, ఎక్కడా పైసా లెక్క తప్పలేదు. కానీ ఆ పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా నా పక్కన కూర్చుని ఒక్క మాట అనలేదు. పదమూడో రోజు పొద్దున ‘నేను కాలేజీకి వెళ్లవచ్చా?’ అని అడిగారు.

మా అబ్బాయికి ఆరేళ్లు. ఈ మధ్యనే వాడికి స్వల్ప స్థాయిలో ఆటిజం ఉందని నిర్ధారించారు. వాడి రిపోర్టు చదువుతుంటే అందులో సగం వాక్యాలు వాడి తండ్రిని చూసి రాసినట్టున్నాయి. ఈ అనుమానాన్ని ఆయనతో చెప్పాలా? మా అక్క చెప్పమంటోంది. అత్తగారి చెవిన పడితే ఇల్లు రెండు ముక్కలవుతుందని మా అమ్మ భయపడుతోంది. ఇరువైపులా ఆలోచించి చెప్పగలవారి కోసం రాస్తున్నాను.

చేదు కాకర

చెప్పవద్దు. నా కారణం మీ అమ్మగారి కారణం కాదు. మాట్లాడని మగవాడు మనకు కొత్త కాదు. మన తాతల్లో సగం మంది భార్యను పేరు పెట్టి పిలవకుండానే జీవితం గడిపేశారు. వాళ్లందరికీ ఇప్పుడు ఒక వైద్యనామం తగిలించబోతున్నామా? ఇంట్లో మౌనవ్రతం పట్టే మనిషి స్టాఫ్ రూములో నవ్వుతూ మాట్లాడుతున్నాడంటే, ఆయనకు మాట రాక కాదు, మీతో మాట్లాడవలసిన అవసరం కనిపించక.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఇప్పటివరకు మీది ఒక భార్య ఫిర్యాదు. ఆ పేరు పెట్టిన మరుక్షణం అది ఫిర్యాదు కాకుండా పోతుంది. ‘పాపం, ఆయన తత్వమే అంత, నువ్వే సర్దుకోవాలి’ అని అత్తవారితో పాటు పుట్టింటివారూ అంటారు. మీరు భార్య స్థానం నుంచి ఆయా స్థానానికి జారిపోతారు, అందులోనూ జీతం లేని ఆయా. మీకు కావలసినదేమిటో అడగండి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో ఆయననే చెప్పనివ్వండి. ఆయన తరఫున కారణం వెతికి పెట్టే పని కూడా మీదేనా?

నలభై మూడులో తెలిసింది

పై వాదనలో కోపం న్యాయమైనదే కానీ, ఒక అంచనా తప్పు. నాకు నలభై మూడేళ్ల వయసులో ఆటిజం నిర్ధారణ అయింది, కాబట్టి స్టాఫ్ రూములో నవ్వే మనిషి గురించి కొంత చెప్పగలను. ఆఫీసులో నేను కూడా నవ్వుతాను. ఎవరి మాటకు ఎంతసేపు నవ్వాలో, కళ్లలోకి ఎంతసేపు చూడాలో లెక్క వేసుకుంటూ నవ్వుతాను. సాయంత్రానికి ఆ లెక్కలు వేసే శక్తి అయిపోతుంది, ఇంటికి చేరేది మిగిలిపోయిన మనిషి. ఇది నా భార్యకు జరిగిన అన్యాయం కాదని నేను అనను. అన్యాయం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెబుతున్నాను.

ఆమె ఏడుస్తున్నప్పుడు నేను గోడ వైపు చూసేవాడిని. గుండె దడదడలాడేది, కడుపులో తిప్పేది, అయితే ఆ స్థితికి బాధ అని పేరు పెట్టాలో భయం అని పెట్టాలో నాకు అందేది కాదు. సొంత భావాలను గుర్తించి మాటల్లో పెట్టలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారని, ఆటిజం ఉన్నవారిలో సుమారు సగం మందిలో అది కనిపిస్తుందని తర్వాత తెలిసింది. 2012లో డామియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తాను కూడా ఆటిజం ఉన్న వ్యక్తే, ఒక వాదన ముందుకు తెచ్చారు: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు లోపం కాదు, రెండు వేర్వేరు తీరుల మనుషుల మధ్య ఇరువైపులా ఏర్పడే అగాధం అని. నా భార్యకు ఈ వాదన పూర్తిగా రుచించలేదు. వంతెన కట్టే కూలీ మొత్తం తానే చేస్తున్నప్పుడు అగాధం ఇద్దరిదీ అంటే ఏం లాభమని అడిగింది. దానికి నేను బదులు చెప్పలేకపోయాను.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, చెప్పండి, కానీ పోట్లాటలో చెప్పకండి. నాతో మొదటిసారి ఆ మాట అన్నది మా ఆవిడే, ఒక పెళ్లి నుంచి మధ్యలో లేచి వచ్చేశానన్న కోపంలో. అది నా చెవికి తిట్టులాగే వినపడింది. దాని తర్వాత రెండేళ్లు ఆ మాట మీద ఏమీ చదవడానికి కూడా నేను ఒప్పుకోలేదు. అదే మాట మామూలు రోజున, కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే రెండు నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్లి ఉండేవాడినేమో.

సైకాలజీ క్లినిక్, విశాఖ

క్లినికల్ సైకాలజిస్టుగా రెండు మూడు విషయాలు స్పష్టం చేయడం అవసరమనిపించింది. మీ అబ్బాయికి ఆటిజం ఉంది కాబట్టి తండ్రికీ ఉండి తీరాలన్న నియమం లేదు. ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువన్నది నిజం. బిడ్డకు నిర్ధారణ అయ్యాక తల్లిదండ్రుల్లో ఒకరు తమను తాము గుర్తుపట్టడం మేము తరచుగా చూసేదే. అయినా అలాంటి లక్షణాలే సామాజిక భయం, దీర్ఘకాలిక కుంగుబాటు, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, నిలకడ లేకపోవడం), అతి క్రమబద్ధతతో కూడిన వ్యక్తిత్వం వంటి వాటిలోనూ కనిపిస్తాయి. కొన్నిసార్లు వినికిడి లోపం కూడా ఇలాగే భ్రమింపజేస్తుంది.

ఇంటర్నెట్‌లో తిరిగే ప్రశ్నావళుల్లో ఎక్కువ ప్రచారం పొందినది కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో ప్రచురించిన యాభై ప్రశ్నల ఏక్యూ (ఆటిజం లక్షణాలను అంచనా వేసే ప్రశ్నావళి). అందులో ముప్పై రెండు లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వస్తే మరింత పరీక్ష అవసరమని మాత్రమే దాని అర్థం, రోగనిర్ధారణ అని కాదు. పైగా అది ఆ మనిషి స్వయంగా నింపవలసినది. భర్త తరఫున భార్య నింపిన ఏక్యూ కాగితాలు పట్టుకుని మా దగ్గరికి వచ్చేవారు ఉన్నారు. ఆ కాగితాలు భార్య ఎంత అలసిపోయిందో చెబుతాయి, భర్త గురించి ఏమీ చెప్పవు.

మానసిక రుగ్మతల నిర్ధారణకు వైద్యులు వాడే అమెరికన్ ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం-5 (2013) ప్రకారం లక్షణాలు బాల్యం నుంచే ఉండాలి. అయితే జీవితం అడిగేది మనిషి శక్తిని మించేదాకా అవి పూర్తిగా బయటపడకపోవచ్చునని కూడా అందులోనే ఉంది. మన దగ్గర ఆ మించే ఘట్టం చాలామందికి పెళ్లి. అమ్మ వండి పెట్టి, వేళకు పిలిచి, చుట్టాల దగ్గర తానే మాట్లాడి నెట్టుకొచ్చిన పాతికేళ్లలో కనపడనిది, ఒక కొత్త మనిషి అదే గదిలోకి వచ్చిన ఆరు నెలల్లో కనపడుతుంది. కాబట్టి పెద్దవారిని పరీక్షించేటప్పుడు బాల్యం గురించి చెప్పగలవారు మాకు కావాలి, ఆ చెప్పగలిగేది చాలావరకు తల్లే. మీ అమ్మగారు ఎవరి చెవిన పడకూడదంటున్నారో సమాచారం ఆమె దగ్గరే ఉంది. ఇబ్బంది నాకు అర్థమవుతోంది.

మందు గురించి అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. ఆటిజం మూల లక్షణాలకు మందు లేదు. దానితో పాటు వచ్చే ఆందోళనకు, కుంగుబాటుకు ఉంది. మన సౌకర్యాలు ఎక్కువగా పిల్లల కోసం ఏర్పడినవి, పెద్దవారిని పరీక్షించే అనుభవం ఉన్నవారు తక్కువ. వెళ్లేముందు ఆ సంగతి ఫోనులో అడిగి వెళ్లడం మంచిది. ఇలాంటి భాగస్వాములతో జీవించేవారి కుంగుబాటును గ్రీకు పురాణంలోని ఎవరూ నమ్మని జోస్యగత్తె పేరు మీద ‘కసాండ్రా సిండ్రోమ్’ అంటుంటారు. అది గుర్తింపు పొందిన వ్యాధి పేరు కాదు, కుంగుబాటు మాత్రం నిజమైనదే. మీరు చికిత్స తీసుకోవడానికి ఆయనకు నిర్ధారణ కావలసిన పని లేదు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

వాయిదా

కుటుంబ న్యాయస్థానంలో వకాలతు చేస్తాను కాబట్టి నా భయం వేరు. ‘మీకు ఆటిజం’ అని వాట్సాప్‌లో రాసిన సందేశాలు నాలుగేళ్ల తర్వాత పిటిషనుకు జత అవుతాయి. హిందూ వివాహ చట్టం 13(1)(iii)లో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణమే, కానీ పేరు చూపిస్తే చాలదు. కలిసి జీవించడం సహేతుకంగా ఆశించలేనంత తీవ్రత ఉండాలి. 2013లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో, వైద్యురాలైన భార్యకు స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉందంటూ భర్త కోరిన విడాకులను సుప్రీంకోర్టు నిరాకరించింది. అయినా చట్టం ఏమంటుందన్నది ఒకటి, ఊరు ఏమంటుందన్నది మరొకటి. ‘మా అబ్బాయిని పిచ్చివాడన్నారు’ అన్న మాటతో మొదలై పెద్దమనుషుల దగ్గర తేలని గొడవలు నేను చూశాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాల్లో ఆటిజం ఒకటన్న సంగతి ఆ పంచాయతీలో ఎవరికీ తెలియదు.

మరొక మాట. ఇక్కడి కేసు అది కాదు కానీ, ఈ చర్చను చదివే మరెవరికైనా అవసరం కావచ్చు. కొట్టడం, బెదిరించడం, డబ్బు ఇవ్వకుండా కట్టడి చేయడం ఉంటే ఆటిజం ప్రస్తావన పక్కన పెట్టండి. 2005 నాటి గృహహింస చట్టం చేసిన పనిని చూస్తుంది, మానసిక, ఆర్థిక హింసనూ లెక్కలోకి తీసుకుంటుంది.

చేదు కాకర

స్టాఫ్ రూము విషయంలో నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. మిగిలినదాంట్లో నా మాట మార్చుకోను. పైన రాసిన సోదరుడి భార్య అడిగిన ప్రశ్నకు ఆయన దగ్గరే కాదు, సైకాలజిస్టు గారి దగ్గర కూడా సమాధానం లేదు. భర్తకు పరీక్ష, బిడ్డకు థెరపీ, భార్యకు హెల్ప్‌లైన్ నంబరు. పంపకం బాగానే ఉంది.

మనవరాలి ఫోను

నాకు అరవై ఆరేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు ఇలాంటి మనిషితోనే కాపురం చేశాను, ఆయన పోయి నాలుగేళ్లయింది. మా కాలంలో ఈ మాట లేదు కాబట్టి అనాలా వద్దా అన్న సందేహమూ లేదు. ఆయనకు సూచనగా చెబితే ఎక్కదని గ్రహించడానికి నాకు పదేళ్లు పట్టింది. ‘చీకటి పడుతోంది’ అంటే మనలో ఎవరికైనా దీపం వేయమని అర్థం. ఆయన కిటికీలోంచి చూసి ‘అవును’ అనేవారు. తర్వాత తర్వాత గోడ మీది తిథుల క్యాలెండరు గడుల్లో రాయడం మొదలుపెట్టాను: ఫలానా రోజు అక్కయ్యగారు వస్తారు, మీరు అరగంట కూర్చుంటే చాలు. రాసినదాన్ని ఆయన ఎన్నడూ తప్పలేదు.

అమ్మాయీ, నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఆయనతో మాట్లాడి మాట్లాడి విసిగి, పిల్లలను మధ్యలో పెట్టాను. ‘మీ నాన్నకు నువ్వు చెప్పు’, ‘అమ్మకు కోపం వచ్చిందని చెప్పు’ అంటూ ఎనిమిదేళ్ల ఆడపిల్లను దుబాసీని చేశాను. ఈనాటికీ నా కూతురు గదిలోకి అడుగు పెట్టగానే ముందు అందరి ముఖాలు చూస్తుంది.

గోదారి గట్టు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. అబ్బాయి పరీక్షల నెపంతో అత్తగారిని ఆయన చిన్నతనం గురించి అడిగాను. ఆమె దాచలేదు సరికదా, ఇన్నాళ్లకు ఎవరో అడిగారన్నట్టు చెప్పారు. నాలుగో ఏడు దాకా మాట రాలేదట. అగ్గిపెట్టెలను రంగుల వారీగా వరుస పెట్టేవారట. మేనత్త పెళ్లిలో బ్యాండుమేళానికి భయపడి ధాన్యం గాదె వెనక దాక్కుంటే రాత్రి వరకు ఎవరికీ దొరకలేదట. ‘మా పిల్లాడు అందరిలాంటివాడు కాదని నాకు తెలుసమ్మా, అందుకే నిదానస్తురాలైన పిల్ల కోసం వెతికాం’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్ను ఎంచుకున్నది ఎందుకో పదకొండేళ్ల తర్వాత తెలిసింది.

ఆయనతో ఆ పేరు ఇంకా చెప్పలేదు. రోజూ అబ్బాయి పడుకున్నాక వరండాలో నా పక్కన కూర్చోమని మాత్రం కాగితం మీద రాసి ఇచ్చాను. చదివి ‘ఎన్ని నిమిషాలు?’ అని అడిగారు. పూర్వమైతే ఆ ప్రశ్నకు ఏడ్చేదాన్ని. ఇరవై అన్నాను. పదిహేడు రోజులుగా కూర్చుంటున్నారు, ఎక్కువ రోజులు ఏమీ మాట్లాడరు. కాకర గారూ, కాగితం రాయవలసింది ఎప్పుడూ నేనేనా అని మీరు అడగబోతున్నారని తెలుసు. ప్రస్తుతానికి నేనే. ఎంతకాలం రాయగలనో చెప్పలేను.

మొన్న ఆదివారం అబ్బాయి రిపోర్టు తీసి తానే మొదటి నుంచి చివరి దాకా చదివారు. మూడో పేజీలో మార్కుల కూడిక తప్పుగా ఉందని పెన్సిలుతో దిద్దారు, నిజంగానే రెండు తేడా ఉంది. కాగితాలు తిరిగి కవరులో పెడుతూ, ‘వీటిలో కొన్ని చిన్నప్పుడు నాకూ ఉండేవి, తగ్గిపోయాయి, వీడికీ తగ్గిపోతాయి’ అన్నారు. ఆయన అంత పొడుగు మాట తనంతట తాను అనడం నేను చాలాకాలం తర్వాత విన్నాను. తగ్గలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వచ్చే నెల తొమ్మిదో తేదీన అబ్బాయిని మళ్లీ చూపించాలి. ఆయన సెలవు పెట్టారు, రైలు కూడా చూసి ఉంచారు.