తోటలో ఉప్పు గ్యాస్ బావిదా, రొయ్యల చెరువుదా? ఎలా తేల్చాలి?

మాది కోనసీమ. కొబ్బరి తోటకి ఉత్తరాన గ్యాస్ బావి, పడమర రొయ్యల చెరువులు. బావి వైపు వరసల్లో పిందె రాలిపోతోంది, దింపు బాగా తగ్గింది. పంటబోదెలో నీటి మీద నూనె తెట్టు కడుతోంది. అడిగితే కంపెనీ వాళ్లు చెరువుల ఉప్పంటారు, చెరువుల వాళ్లు కంపెనీ వైపు చూపిస్తారు. ఇద్దరిదీ ఉందని నా అనుమానం, కానీ అనుమానం కాగితం మీద నిలబడదు కదండీ.

గ్యాస్‌తోపాటు భూమి లోతుల్లోంచి వచ్చే నీరూ ఉప్పగానే ఉంటుంది. అందుకని మామూలు భూసార పరీక్షలో ఉప్పు ఎక్కువని తేలినా కారణం ఎవరో తేలదు. బేరియం, బ్రోమైడ్, పెట్రోలియం హైడ్రోకార్బన్లు చూడాలని చదివాను. ఇవి చేసే గుర్తింపున్న ల్యాబ్ కాకినాడలోగానీ విశాఖలోగానీ ఉందా? మట్టి ఎంత లోతులో తియ్యాలి? నీళ్లు గాజు సీసాలోనే పట్టాలా? కంపెనీ మనిషి లేకుండా తీస్తే చెల్లుతుందా?

పాశర్లపూడి గ్యాస్ బావి మంటలాంటిదో (1995), నగరం పైపులైను పేలుడులాంటిదో (2014) అయితే కలెక్టరు దగ్గర్నుంచి అందరూ పరిగెత్తుకొస్తారు. చెట్టు చెట్టూ ఎండిపోయే నష్టానికి ఎవరొస్తారు?

ఇంకోటి. తోటలోంచి వెళ్లే పైపులైను కింద భూమి 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం మాదే, వాడుక హక్కే వాళ్లది. అప్పట్లో పరిహారం తీసుకున్నాం. కొత్త నష్టానికి మళ్లీ అడగొచ్చా? పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో (NGT) పరిహారానికి 5 ఏళ్ల గడువుంది. చెట్లు దెబ్బతిన్న నాటి నుంచి లెక్కా, రిపోర్టు వచ్చిన నాటి నుంచా? చెన్నై బెంచి దాకా వెళ్లిన రైతులుంటే ఖర్చెంతైందో కూడా చెప్పండి.