ఈ వారం సమస్య: "దాగియున్న దేవుఁడె నమ్మఁదగినవాఁడు"

పర్లాకిమిడి మాస్టారు (నిర్వహణ):

అందరికీ వందనాలు. ఈసారి తేటగీతి చివరి పాదం ఇస్తున్నాను. దాక్కున్నవాణ్ణి నమ్మడమేమిటన్నదే ఇందులో చిక్కు. ఇది నేను గాల్లోంచి తీసిన మాట కాదు. బైబిల్లో యెషయా 45వ అధ్యాయం 15వ వచనంలో "నిశ్చయముగా నీవు నిన్ను మరుగుపరచుకొను దేవుడవై యున్నావు" అని ఉంది. అదే వచనంలో ఆయన్ని రక్షకుడనీ పిలిచాడు ప్రవక్త. రెండూ ఒక్క నోటి మాటలే. మీ పద్యంలోనూ రెండూ నిలబడాలి. ఒకటి మింగేసి రెండోది పాడితే ఊరుకోను.

యతి (పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో కుదరాల్సిన అక్షరం) దా–ద. మిగతా మూడు పాదాలు మీవి. ఒడియా బడిలో చదువుకుని ఇంట్లో తెలుగు నేర్చిన పిల్లలు కూడా రాయండి. గణం (అక్షరాల లయ కొలత) తప్పితే ఇక్కడే దిద్దుకుందాం, టెన్షన్ వద్దు.

గుణుపురం అయ్యగారు:

పూయకుండ నంజూరము, పొలము బీడు
వాఱి యెండఁగ, సాలలోఁ బసులు లేక
పోయినను గొంతు విప్పెద, పొగల నడుమ
దాగియున్న దేవుఁడె నమ్మఁదగినవాఁడు.

హబక్కూకు ప్రవక్త గ్రంథం 3:17 ఆధారం. తప్పులుంటే చెప్పండి మాస్టారూ.

పర్లాకిమిడి మాస్టారు:

అయ్యగారూ, ధార బాగుంది. వా–బ యతి చెల్లుతుంది. అన్నిటికన్నా "పొగల నడుమ" నచ్చింది నాకు. కల్దీయులు (బబులోను సైన్యం) వచ్చిపడతారని ఆ ప్రవక్తకు మొదటి అధ్యాయంలోనే తెలుసు. కాబట్టి ఆ పొగ అలంకారం కోసం పెట్టింది కాదు, కాలే ఊళ్లదే.

బరంపురం అక్కయ్య:

పద్యం చక్కగా ఉంది అయ్యగారూ. కానీ మీరు నేరుగా మూడో అధ్యాయానికి దూకేశారు. "యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?" అని మొదలుపెట్టినవాడు ఆయన. ఆ మొఱ్ఱ ఏదీ?

గుణుపురం అయ్యగారు:

తేటగీతికి నాలుగు పాదాలేనమ్మా! అందులో ఒకటి మాస్టారు ముందే పట్టుకుపోయారు. మొఱ్ఱ మీరు రాయండి.

కాశీనగరం తమ్ముడు:

తిత్లి గాలికిఁ జెట్లన్ని తిరగఁబడియె
నింటి పైరేకు లెగిరిన నేమి కొఱఁత?
మేలె సర్వము, సందేహ మేల మనకు?
దాగియున్న దేవుఁడె నమ్మఁదగినవాఁడు.

కొండకింద అప్ప:

తమ్ముడూ, 2018 అక్టోబరు 11న తిత్లి తుఫాను వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావో నాకు తెలీదు. మా వైపు కొండచరియలు విరిగి మనుషులే పోయారు. మా ప్రార్థన మందిరం రేకులు పక్క మడిలో దొరికితే, వంకర్లు సుత్తితో సాపు చేసి మళ్లీ అవే వేశాం. ఇప్పటికీ వానొస్తే ఆ మేకు బొక్కల్లోంచి పాటల పుస్తకాల మీద కారుతుంది. "ఏమి కొఱఁత" అని ఎవరైనా ఆ రోజు మా గుమ్మంలో నిలబడి అంటే, చేతిలో ఉన్న సుత్తి వాడి మీదకే విసిరేదాన్ని.

పర్లాకిమిడి మాస్టారు:

ఛందస్సులో వంక పెట్టడానికి లేదు. వంకంతా భావంలోనే ఉంది. తమ్ముడూ, నీ పద్యంలో మాట్లాడుతున్నది అన్నీ పోగొట్టుకున్న యోబు కాదు, యోబును పరామర్శించడానికి వచ్చిన స్నేహితులు. వాళ్లు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని ఎంతో భక్తిగా మాట్లాడారు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? వాళ్ల మీదే. తన గురించి సరిగా పలికింది యోబేనని ఆయనే చెప్పాడు. అన్నేసి మాటలు విసిరి, నన్ను కోర్టుకెక్కనియ్యమని దేవుణ్ణే నిలదీసిన యోబు! నమ్మకమంటే జరిగిందంతా బాగుందని సంతకం పెట్టడం కాదు. జరిగింది బాగోలేదని ఆయన దగ్గరికే వెళ్లి చెప్పడం కూడా నమ్మకమే. రెండు, మూడు పాదాలు మార్చి చూడు.

కాశీనగరం తమ్ముడు:

క్షమించు అప్పా. అప్పుడు నేను చదువు కోసం దూరంగా ఉన్నాను. మా అమ్మ చెప్పింది విని సవరించాను:

తిత్లి గాలికిఁ జెట్లన్ని తిరగఁబడియె
నింటి పైరేకు లెగిరిన నేడ్చినాను;
తడిసి కూర్చున్న నా ప్రక్కఁ దానె వచ్చి
దాగియున్న దేవుఁడె నమ్మఁదగినవాఁడు.

కొండకింద అప్ప:

ఇది మా ఊరి పద్యం. మా ఆడవాళ్ల కూటంలో చదువుతాను.

రాయగడ బావ:

విధవ మొఱ వినఁ డయ్యెను వీటి జడ్జి;
విసిగి తీర్పిచ్చె నొకనాఁడు, వేఱు కాదె
ధర్మమూర్తి మా తండ్రి? యీ తలుపు వెనుక
దాగియున్న దేవుఁడె నమ్మఁదగినవాఁడు.

లూకా 18. మా తాత నాటి మడి తగాదా ఇంకా వాయిదాల మీదే నడుస్తోంది. కాగితాల్లో సగం తెలుగు, సగం ఒడియా. అందుకని ఈ కథ తప్ప ఇంకోటి తోచలేదు.

జయపురం బాబు:

పద్యంలో "జడ్జి" పడొచ్చా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు:

గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని జడ్జిని బయటికి గెంటమంటావా! కోర్టు మెట్లెక్కినవాడి నోట వచ్చే మాట అదే. ఉండనీ.

బావా, ఈ ఉపమానంలో చాలామంది జారిపడే చోట నువ్వు పడలేదు. విసిగించగా విసిగించగా దేవుడు దిగొస్తాడని కొందరు ప్రసంగాల్లో చెప్పేస్తుంటారు. యేసు చెప్పింది అది కాదు. దేవుడికి భయపడనివాడు, మనిషిని లెక్కచెయ్యనివాడు కూడా చివరికి తీర్పిచ్చాడే, మరి రాత్రింబగళ్లు మొఱ్ఱపెట్టేవాళ్లకు నీతిగల దేవుడు ఇవ్వడా అని. పోలిక కాదు, తేడా చూపించాడు. నీ "వేఱు కాదె" ఆ తేడాని పట్టింది. ఒక్క లోటు ఉంది. 8వ వచనం చివర ఆయన ప్రశ్న మనవైపు తిప్పుతాడు, తాను వచ్చేసరికి భూమ్మీద విశ్వాసం కనబడుతుందా అని. ఆ ముల్లు నీ పద్యంలో దిగలేదు. దానికి ఇంకో తేటగీతి కావాలి.

జయపురం బాబు:

నా మొదటి పూరణ ఇది.

సిలువపై "నన్ను విడిచితే?" యనెను సుతుఁడు;
మింట బదులు లేదాయెను, మిట్టపగలె
చీఁకటయ్యెను, గోరిలోఁ జిటికె సేపు
దాగియున్న దేవుఁడె నమ్మఁదగినవాఁడు.

పర్లాకిమిడి మాస్టారు:

మొదటిదని నమ్మబుద్ధి కావట్లేదు! తొలి పాదంలో సి–య యతి చెల్లదు. "చీరె సుతుఁడు" అను, సరిపోతుంది. కేకవేసి పిలిచాడన్న అర్థమూ దక్కుతుంది.

బరంపురం అక్కయ్య:

"చిటికె సేపు" కూడా తీసెయ్ బాబూ. ఆదివారం ఏమవుతుందో తెలిసిన మనకి అది చిటికె. సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని, విశ్రాంతి దినమంతా ఇంట్లో కూర్చున్న ఆ స్త్రీలకి కాదు.

జయపురం బాబు:

నిజమే అక్కయ్యా. మూడో పాదం ఇలా మార్చాను: "చీఁకటయ్యెను, గోరిలో శిలకు వెనుక". చీ–శి యతి సరేనా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు:

సరే. పద్యం బరువెక్కింది కూడా.

బరంపురం అక్కయ్య:

మొఱ్ఱ నన్ను రాయమన్నారు కదా అయ్యగారూ, ఇదిగో. అహాబు రాజుకు ద్రాక్షతోట ఇవ్వనన్నందుకు దొంగసాక్ష్యంతో చంపబడ్డ నాబోతు కథ, 1 రాజులు 21.

తోట కొఱకు నాబోతును ద్రుంచినపుడు
సాక్ష్య మిచ్చిన దొంగలు చావలేదు;
చెప్పుఁ డయ్య మీ రిపుడైన: చీకటింట
దాగియున్న దేవుఁడె నమ్మఁదగినవాఁడు?

రాయగడ బావ:

ప్రశ్నగుర్తు పెట్టి సమస్యలోంచి జారుకోవడం పాత చిట్కా అక్కయ్యా. అవధానాల్లో ఎన్ని చూశాం!

గుణుపురం అయ్యగారు:

పైగా కథ అక్కడ ఆగలేదమ్మా. ఏలీయా ప్రవక్త అదే తోటలో అహాబుకు ఎదురుపడి తీర్పు చెప్పాడు. 2 రాజులు 9లో సేనాని యెహూ, అహాబు కొడుకు శవాన్ని నాబోతు పొలంలోనే పడేయించాడు.

బరంపురం అక్కయ్య:

చదివానండి. అహాబు గోనెపట్ట కట్టుకుని తగ్గించుకున్నాడని ఆ కీడు అతని కొడుకు కాలానికి వాయిదా పడింది కూడా, 1 రాజులు 21 చివర్లో. అంటే హంతకుడి మీద కనికరం చూపించినందువల్ల హతుడికి న్యాయం ఆలస్యమైంది. నాబోతు తరఫువాళ్లు ఎవరైనా మిగిలుంటే, వాళ్లు ఆ మధ్య ఏళ్లు ఆ తోట పక్కనుంచే నడిచి ఉంటారు. నా పద్యం ఆ ఏళ్లలోది. యెహూ వచ్చాక రాసింది కాదు.

పర్లాకిమిడి మాస్టారు:

బావా, చిట్కా పాతదే, ఒప్పుకుంటాను. కానీ జారుకునేవాడు ప్రశ్న వేసి వెళ్లిపోతాడు. అక్కయ్య ఆ తోట గట్టు మీదే నిలబడి అడుగుతోంది, అదీ "ఇపుడైన" అంటూ. జవాబు వస్తుందన్న ఆశ లేకపోతే ఆ మాట ఎందుకు పడుతుంది? ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని అడిగే 13వ కీర్తనని గుడిలో చదువుకుంటున్నాం కదా. దీన్నీ చదువుకోవచ్చు. నా లెక్కలో ఈ వారం మొదటి మెప్పు దీనికే, రెండోది తమ్ముడి సవరణకి.

గుణుపురం అయ్యగారు:

నాకు ఇంకా పూర్తిగా ఒప్పుదల కాలేదు మాస్టారూ. విశ్వాసి నోట ప్రశ్నతో ఆగిపోవడం కష్టంగానే ఉంది. అయినా ఆదివారం నా పద్యం పక్కన అక్కయ్యగారిదీ చదువుతాను, ప్రశ్నగుర్తు తియ్యకుండా.

పర్లాకిమిడి మాస్టారు:

మంచిది. వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం: "గంట పనికి రోజు గడచు కూలి". మత్తయి 20, ద్రాక్షతోట కూలీలు. సాయంత్రం వచ్చినవాడి సంతోషం అందరూ రాస్తారు. తెల్లారే వచ్చి ఎండంతా నెత్తిన మోసి అదే దేనారం (రోజు కూలి) అందుకున్నవాడి పక్షాన రాయండి. చోడి చేలో కూలికెళ్లినవాళ్లు మనలో ఉన్నారు, వాళ్లు ముందు మొదలుపెట్టాలి.