నెల తప్పకముందే ఫోలిక్ యాసిడ్: 5 మి.గ్రా. మాత్ర వేసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. ఈ ఏడాది పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నాం. బిడ్డకు మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుందట. చాలామందికి నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. అందుకే ఆ నాళం సరిగ్గా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) రోజుకు 400 మైక్రోగ్రాములు కనీసం నెల ముందు నుంచి, మూడో నెల నిండేదాకా వేసుకోమంటున్నారు.

తీరా మెడికల్ షాపుకెళ్తే ఇచ్చిన స్ట్రిప్ వెనక 5 మి.గ్రా. అని ఉంది. అంటే పన్నెండు రెట్ల పైనే! "అందరూ ఇదే వాడతారమ్మా" అన్నాడు షాపతను. అంత డోసు ఇదివరకు బిడ్డకు వెన్నులోపం వచ్చినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, కొన్ని ఫిట్స్ మందులు వాడేవాళ్లకు రాస్తారని చదివాను. నాకు అవేవీ లేవు.

మా అత్తయ్యగారేమో "ఇంకా నెలే తప్పలేదు, అప్పుడే మాత్రలేంటి? పాలకూర పప్పు తిను చాలు" అంటున్నారు. పప్పు రోజూ తింటూనే ఉన్నా, కానీ ఉడికిస్తే ఫోలేట్ (ఆహారంలో సహజంగా ఉండే ఇదే విటమిన్) కొంత పోతుంది కదా.

డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం. ఈలోగా, మీలో ఎవరికైనా 400 మైక్రోగ్రాముల మాత్ర విడిగా దొరికిందా? 5 మి.గ్రా. వాడినవాళ్లకు డాక్టర్ ఏ కారణం చెప్పారు? మేం శాకాహారులం, బి12 విటమిన్ తక్కువగా ఉండొచ్చు కదా, ముందు ఆ పరీక్ష చేయించమన్నారా?