హైదరాబాదు – శాన్‌ఫ్రాన్సిస్కో: ఎంత దూరం, ఎన్ని గంటలు?

గోదావరి గట్టు
డిసెంబరులో అమ్మా నాన్నా మొదటిసారి మా అక్క దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నారు. దూరం ఎంత, గాలిలో ఎన్ని గంటలు? ఢిల్లీ మీదుగా మేలా, దుబాయి మీదుగానా? నాన్నకు మోకాళ్ల నొప్పులు.

ఫ్రీమాంట్ కోడలు
గంటల సంగతి తరువాత, మధ్యలో ఎంతసేపు ఆగాలో చూడండి. చవకగా వచ్చిందని మా అత్తమామలకు 9 గంటలు ఆగే టికెట్టు కొన్నాం. చక్రాల కుర్చీ తోసుకెళ్లిన మనిషి ఒక మూల దింపి వెళ్లాడు, మళ్లీ ఎవరూ రాలేదు. మామయ్యగారు బాత్రూముకు కూడా లేవలేకపోయారు. ఆ మిగిల్చిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపు వస్తుంది.

భూగోళం మాస్టారు
30 ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, వినండి. నేరుగా సుమారు 13,500 కిలోమీటర్లు. గోడ మ్యాపు మీద స్కేలు పెట్టకండి, గ్లోబు మీద దారం లాగండి. సైబీరియా, అలాస్కాల మీదుగా పోతుంది. దుబాయి నుంచి లాగితే దాదాపు ఉత్తర ధ్రువం మీదుగానే!

సన్నీవేల్ వాసి
మాస్టారూ, విమానాలు దారం వెంట పోవు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మాని పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నరకు వచ్చింది.

నల్గొండ రైతుబిడ్డ
1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ముందే చేరారా? నేను నమ్మను. నమ్మమని అడగకండి.

భూగోళం మాస్టారు
నమ్మకపోతే నేర్చుకోండి! 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ గాలులు వీస్తాయి, చలికాలంలో మరీ జోరు. వాలుకు పోయే పడవా, ఎదురెక్కే పడవా ఒకే వేళకు రేవు చేరతాయా? దారం దూరానికి, గాలి సమయానికి. సన్నీవేల్ వారు నాకు పాఠం చెప్పనక్కర లేదు.

సన్నీవేల్ వాసి
తప్పు పట్టలేదండీ, లెక్క పూర్తి చేశాను. అంత కోపమెందుకు?

బెజవాడ అమ్మాయి
2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువం మీదుగా దాదాపు 14,000 కిలోమీటర్లు నడిపిన పైలట్లు నలుగురూ ఆడవాళ్లే. వాళ్లలో పాపగారి తన్మయి గారు కూడా ఉన్నారు. ఆ వార్త కత్తిరించి మా చెల్లి గోడకు అంటించింది. ఇప్పుడు తాను పైలట్ శిక్షణకే వెళ్తానంటోంది, ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

ఫ్రీమాంట్ కోడలు
ఒప్పించండమ్మా, పంపించండి.

కూకట్‌పల్లి శర్మ
2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసింది. ఢిల్లీ నుంచి పడమటికి పోయేవాటి పాత గంటలు పట్టుకుని టికెట్టు కొనకండి. డిసెంబరులో అక్కడి గడియారం మనకంటే 13 గంటల 30 నిమిషాలు వెనుక. టికెట్టు మీద వేళలు చూసి మా ఆవిడ షుగరు మాత్ర రెండుసార్లు వేసుకుంది. డాక్టరును అడిగి వేళలు రాయించుకోండి.

గోదావరి గట్టు
మోకాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

దుబాయి డ్రైవరు
హైదరాబాదు నుంచి దుబాయి 4 గంటలు, అక్కడి నుంచి దాదాపు 16. నడవా పక్క సీటు ముందే తీసుకోండి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి. అక్క నంబరు కాగితం మీద రాసి నాన్నగారి చొక్కా జేబులో పెట్టండి. నేను విమానాశ్రయంలో చూసేవాళ్లలో సగం మంది పెద్దవాళ్ల ఫోను అప్పటికే ఆగిపోయి ఉంటుంది.